మూసీ ఏటిలో ఒక పగలు

సూర్యాపేట నుండి మిర్యాలగూడకు పోయే బస్సు భీమారం దగ్గర మూసీ ఏటిని దాటుతుంది. ఇరవై రెండేళ్ళ పరిచర్యలో ఆ వంతెన మీదుగా ఎన్నిసార్లు ప్రయాణించానో లెక్క చెప్పలేను. కూటములకు, పెండ్లిళ్ళకు, భూస్థాపనలకు వెళుతూ కిటికీలో నుండి ఒకసారి తల త్రిప్పి చూచేవాణ్ణి. ఎండాకాలమైతే రాళ్ళు, వానాకాలమైతే ఎర్రనీళ్ళు. అంతే. ఒక్కనాడైనా దిగి ఆ ఏటి ఒడ్డున నిలబడలేదు. పోయిన నవంబరులో మొదటిసారి దిగాను. దిగడమే కాదు, ముగ్గురు స్నేహితులతో కలిసి చిన్న పడవల్లో ఆ ఏటి వెంబడి ఒక పగలంతా ప్రయాణం చేశాను. ఆ సంగతి ఈ పత్రిక చదివే కుటుంబాలకు, ముఖ్యంగా కాలువల ప్రక్కన కాపురముండే తల్లిదండ్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన ప్రాంతంలో నీళ్ళంటే కాలువ నీళ్ళే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ పొలాలను తడిపి, మూసీని దాటి, కోదాడ ప్రాంతాన్ని తడుపుతూ ఖమ్మం జిల్లాలోకి పోతుంది. జొన్నచేలు వరిమళ్ళయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. ఎందరి ఇండ్లలోనో రెండు పూటలా అన్నం ఉడికింది. బాప్తిస్మములు కూడా మేము కాలువలోనే ఇస్తాము. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారని మన పెద్దలు చెప్పగా విన్నాము. కాని ఇంటి ముంగిట కాలువ ఉండగా మాకు ఏరు అక్కర లేకపోయింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నడుములోతు నీళ్ళలో నిలబడి వందల మందికి బాప్తిస్మమిచ్చిన నాకు ఈత రాదు.

మూసీ మాటకొస్తే, ఆ పేరు వినగానే అందరూ ముక్కు మూసుకుంటారు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు అది తేట నీటి వాగు. పూర్వం ముచుకుంద అనేవారు. హైదరాబాదు నగరం మధ్యగా పారి, నగరపు మురుగంతా మోసుకొని మన నల్లగొండ వైపు వస్తుంది. ఈ ఏరే 1908 సెప్టెంబరు 28న పొంగి హైదరాబాదులో వేలమంది ప్రాణాలు తీసింది. సూర్యాపేటకు దగ్గరలో సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు దాన్ని ఆపి పొలాలకు మళ్ళిస్తుంది. వానలు బాగా పడి ప్రాజెక్టు నిండితే, గేట్లు దాటిన నీళ్ళు బండల మీద దూకుతూ దక్షిణంగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. మేము ప్రయాణించినది భీమారానికి దిగువన ఉన్న ఆ బండల దారిలోనే.

ఎందుకు వెళ్ళామో చెప్పాలంటే తొమ్మిదేళ్ళు వెనక్కి పోవాలి.

మా సంఘములో ఒక కుటుంబం ఉంది. తల్లి కూలిపని చేసి ఇద్దరు కొడుకులను చదివించింది. చిన్నవాడు పదిహేనేళ్ళవాడు. సండేస్కూలులో వాక్యాలు కంఠతా చెప్పడంలో వాడే ముందు. ఈతలోనూ వాడే ముందు. మేలో పరీక్షా ఫలితాలు వచ్చిన మరునాడు స్నేహితులతో మేజరు కాలువకు పోయాడు. కాలువ నీళ్ళు మెట్టు మీద నుండి దూకినట్టు క్రిందికి పడే చోటును మావాళ్ళు డ్రాపు అంటారు. అక్కడ దూకాడు, మళ్ళీ పైకి రాలేదు. తోటి పిల్లలు అరుస్తుండగా పొలంలో ఉన్న ఒక రైతు పరుగెత్తుకొచ్చి దిగబోయాడు. ఇంకొకరు ఆయనను పట్టి ఆపారు. సాయంత్రానికి గాని పిల్లవాడు దొరకలేదు.

ఈత వచ్చిన పిల్లవాడు నడుములోతు నీళ్ళలో ఎట్లా మునిగాడో ఎవరికీ అర్థం కాలేదు. నీటిలో ఏదో పట్టి లాగిందని కొందరు అన్నారు. ఆ స్థలం మంచిది కాదని కొందరు అన్నారు. తల్లి నా చేతులు పట్టుకొని, "ఎట్లా అయ్యగారూ? వానికి ఈత వస్తది గదా?" అని అడిగింది. నేను దేవుని చిత్తమమ్మా అన్నాను. ఆమె మరి అడగలేదు. ఆ మాట ఆమెను ఓదార్చిందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాట ఆమె నోరు మూయించిందేమో అనిపిస్తుంది.

పెద్దవాడు ఇంజనీరింగ్ చదివి ఉద్యోగానికి బెంగళూరు పోయాడు. తమ్ముడు పోయిన తరువాత అతడు నీటికి దూరమవుతాడనుకున్నాము. అట్లా కాలేదు. కర్ణాటకలో, ఋషీకేశ్ దగ్గర గంగానదిలో, ఉరవడి నీళ్ళలో పడవ నడపడం నేర్చుకున్నాడు. పోయిన దసరా సెలవుల్లో ఇంటికి వచ్చి, "అయ్యగారూ, మన మూసీ ఏటిని ఒకసారి చూద్దాం రండి" అన్నాడు. నాకు ఈత రాదు బాబూ అన్నాను. "అందుకే రమ్మంటున్నాను" అన్నాడు. నవంబరులో పడవలతో వస్తానని చెప్పి వెళ్ళాడు.

అట్లా నలుగురం కూడాము. ఆ యువకుడు, నేను, కోదాడలో హైస్కూలు మాస్టారుగా ఉన్న నా పాత స్నేహితుడు, సూర్యాపేటలో మందుల దుకాణం నడిపే మా సంఘ పెద్ద. ముగ్గురు పెద్దవాళ్ళలో ఈత వచ్చినది మాస్టారుకు ఒక్కరికే.

అతడు తెచ్చిన పడవలను కయాక్‌లు అంటారు. కారు వెనుక మూటలుగా వచ్చాయి. పంపుతో గాలి కొడితే ఒక్కొక్కటి ఇద్దరు కూర్చునే పడవ అయింది. కాళ్ళు చాపుకొని కూర్చోవాలి. రెండు కొనలా రెక్కలున్న తెడ్డుతో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వేయాలి. ఉత్తరాన మంచుదేశాల్లో నివసించే ఇన్యూట్ జనులు కొట్టుకొచ్చిన కర్రలతో, తిమింగలపు ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మం తొడిగి, వేటకు ఈ పడవలు చేసుకున్నారట. అది విని మాస్టారు, "మన పుట్టి కూడా అంతే గదా" అన్నారు. నిజమే. వెదురు బద్దలతో గంపలాగా అల్లి, పూర్వం తోలు తొడిగేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కట్టి తారు పూస్తున్నారు. మంచులో బ్రతికేవారికి, కృష్ణ ఒడ్డున బ్రతికేవారికి ఒకే ఉపాయం తోచింది.

బయలుదేరే ముందు ఆ యువకుడు రెండు పనులు చేయించాడు. మొదటిది, ప్రాజెక్టు దగ్గర పనిచేసే వారిని కలిసి, ఆ దినం గేట్లు ఎత్తుతారేమో కనుక్కోవడం. ఎందుకంత జాగ్రత్త అని మా సంఘ పెద్ద అడిగితే, 2014 జూన్ 8 గుర్తుచేశాడు. విహారయాత్రకు పోయిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి వదిలిన నీళ్ళు నిమిషాల్లో వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. "వాళ్ళకు ఆ నది క్రొత్త. నీళ్ళు ఎక్కడినుండి వస్తాయో తెలియదు" అన్నాడు.

రెండవ పని, ముందురోజు ఊరి చెరువులో మాకు పాఠం చెప్పడం. లైఫ్ జాకెట్ బిగించి కట్టి నన్ను చెరువులోకి త్రోశాడు. మునుగుతానని కేక వేశాను. మునగలేదు. బెండులాగా తేలాను. ఒడ్డున చేరిన పిల్లలు, "అయ్యగారు తేలుతుండు!" అని చప్పట్లు కొట్టారు. "పారే నీటిలో పడితే లేచి నిలబడాలని చూడకండి. రాళ్ళ సందున పాదం ఇరుక్కుంటే ఉరవడి మనిషిని ముందుకు పడవేసి ముంచుతుంది. వెల్లకిలా పండుకొని, కాళ్ళు దిగువకు చాపి తేలండి. రాయి వస్తే కాళ్ళతో తన్నుకోవచ్చు, తల తగలదు" అని నేర్పాడు. ఆ మాట నాతో పదిసార్లు వల్లింపజేశాడు. నేను కంఠత వాక్యాలు చెప్పించే పిల్లవాని అన్న నాకు పాఠం చెప్పించుకున్నాడు.

ఉదయం ఏడుగంటలకు ప్రార్థన చేసికొని నీటిలో దిగాము. భీమారం వంతెన వెనుకబడింది. ఇరుప్రక్కల జమ్ము, తుమ్మచెట్లు, వాటి వెనుక తాళ్ళు. కోతకు వచ్చిన వరిచేలలో హార్వెస్టర్ చప్పుడు వినబడుతోంది, మనిషి కనబడడు. ఒక్కొక్క చోట గుర్రపుడెక్క దారి మూసివేస్తే చేతులతో త్రోసుకొని పోయాము. లకుముకి పిట్ట మాకు ముందు ముందుగా ఎగురుతూ దారి చూపినట్టు పోయింది. ఎడమ ఒడ్డు సూర్యాపేట వైపు, కుడి ఒడ్డు మిర్యాలగూడ వైపు. ఇన్నేళ్ళు రెండు ప్రక్కలా తిరిగినవాణ్ణి, మధ్య నుండి చూస్తే నా ప్రాంతాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను.

గంట గడిచాక ముందునుండి గాలివాన వంటి హోరు వినబడింది. బండల మధ్య నీళ్ళు తెల్లగా నురుగులు కక్కుతున్నాయి. యువకుడు పడవలను ఒడ్డుకు చేర్పించి, మమ్మల్ని నడిపించుకొని పోయి ముందు చూపించాడు. "నీటిని చదవాలి" అన్నాడు. రెండు బండల మధ్య నునుపైన నీరు చీలిన నాలుకలాగా, కొన దిగువకు ఉండేటట్టు కనబడితే అది దారి. కొన ఎగువకు ఉంటే దాని మొదట్లో నీటి క్రింద రాయి ఉన్నట్టు. పెద్ద బండ వెనుక నీరు నిలకడగా ఉంటుంది, అక్కడ ఆగి ఊపిరి తీసుకోవచ్చు. ప్రపంచమంతటా ఇట్టి ఉరవళ్ళను ఆరు తరగతులుగా లెక్కిస్తారట. ఇది రెండవ తరగతి అన్నాడు. ఆరవ తరగతిని ఎవరూ సాహసించకూడదట.

మాస్టారు, సంఘ పెద్ద ఒక పడవలో చక్కగా దాటారు. మా పడవ ముందు భాగాన నేను కూర్చున్నాను. అతడు వెనుకనుండి "కుడివైపు వేయండి" అన్నాడు. కంగారులో నేను ఎడమవైపు వేశాను. పడవ అడ్డం తిరిగి బండకు ఆనుకుంది, నీళ్ళు పొర్లి వచ్చాయి, నేను ఏటిలో ఉన్నాను.

ఆ క్షణంలో నాకు ఏ ప్రసంగమూ గుర్తు రాలేదు. వెల్లకిలా, కాళ్ళు దిగువకు, ఇదొక్కటే గుర్తొచ్చింది. ఆకాశం, నురుగు, మళ్ళీ ఆకాశం. మురుగు రుచి నోట్లో. ఒక రాయి అరికాళ్ళకు తగిలింది, తన్నుకున్నాను. దిగువన మాస్టారు త్రాడు విసిరారు, రెండవసారి అందింది. ఒడ్డున కూర్చొని వణుకుతుంటే నాకు కలిగిన తలంపు ఇది: నిన్న చెరువులో గంటసేపు నేర్చుకోకపోతే ఈ దినం నా భార్య విధవరాలయ్యేది.

మధ్యాహ్నం చింతచెట్టు క్రింద పులిహోర, పెరుగన్నం తిని మళ్ళీ సాగాము. మూడుగంటల వేళ ఏటికి అడ్డంగా కట్టిన ఒక చిన్న చెక్‌డ్యాం వచ్చింది. పై నుండి చూస్తే భయపడవలసిందేమీ లేదు. గోడ మనిషి ఎత్తు కూడా ఉండదు. నీళ్ళు ఒక చివర నుండి ఇంకొక చివర వరకు అద్దం పలకలాగా జారుతున్నాయి. ప్రొద్దున చూచిన ఉరవడి ముందు ఇది పసిపిల్ల ఆట అనిపించింది. "దీన్ని జర్రున జారిపోవచ్చు" అని మా సంఘ పెద్ద అన్నారు.

ఒడ్డున వల సరిచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన లేచి చేతులు ఊపాడు. "ఓ సారూ, ఆగుండ్రి! ఆడికి పోవద్దు!" మేము ఒడ్డుకు చేరాము. ఆయన మాతో వాదించలేదు. ప్రక్కన పడివున్న ఎండు తాటి మొద్దును ఎత్తి గోడకు పైన నీటిలో వేశాడు. అది నెమ్మదిగా పోయి గోడ మీదుగా జారి క్రింద పడింది. మునిగింది, తేలింది. తేలి దిగువకు పోతుందనుకున్నాము. పోలేదు. వెనక్కి, గోడవైపుకే వచ్చింది. పడే నీరు దాన్ని మళ్ళీ ముంచింది. మళ్ళీ తేలింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. పది నిమిషాలు చూచాము. మొద్దు అక్కడే తిరుగుతోంది.

"నీళ్ళు పైకి సల్లగనే కనబడ్తయి. కిందికి పోయినంక ఇడిసిపెట్టవు. ఈత గీత ఏం పనికిరాదు" అన్నాడు పెద్దాయన.

యువకుడు మాట్లాడలేదు. మొద్దు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతడికి ఈ సంగతి పుస్తకంలో తెలుసు. గోడ మీద నుండి పడే నీరు అడుగుకు పోతుంది, పై నీరు గోడవైపు తిరిగి వస్తుంది, మనిషి ఆ సుడిలో గానుగెద్దులాగా తిరుగుతాడు. నురుగులో గాలి కలిసి ఉంటుంది గనుక తేలడం కష్టం. లైఫ్ జాకెట్ ఉన్నవారినీ అది వదలదు, కాపాడబోయినవారినీ లాగుతుంది. ఇదంతా తరువాత మాకు వివరించాడు. కాని అప్పుడు ఒక్క మాటే అన్నాడు. "మా తమ్ముడు దూకింది ఇట్లాంటి చోటే అయ్యగారూ. డ్రాపు క్రింద."

నాకు తల తిరిగినట్టయింది. ఈత వచ్చిన పిల్లవాడు నడుములోతు నీళ్ళలో ఎట్లా మునిగాడు అని తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు నా కండ్ల ముందు తిరుగుతోంది. ఎవరూ పట్టి లాగలేదు. ఆ స్థలానికి ఏ దోషమూ లేదు. నీటికి ఒక స్వభావమున్నది. చదువురాని ఆ పెద్దాయనకు అది తెలుసు. ఆ కాలువ ప్రక్కనే ఇరవై రెండేళ్ళు బ్రతికిన బోధకునికి తెలియదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పక, దేవుని చిత్తమనే పెద్ద మాటతో కప్పాను. అందును గూర్చి ఆ ఒడ్డునే దేవుని క్షమాపణ అడిగాను.

పడవలను భుజాల మీద మోసుకొని చెక్‌డ్యాం ప్రక్కగా నడిచి దాటాము. మరి కొంత దూరం పోయి, ప్రొద్దు వాలుతుండగా ఒడ్డుకు చేరి, ఆటో మాట్లాడుకొని వాడపల్లి పోయాము. ఏటి ప్రయాణం అక్కడి వరకు సాగలేదు గాని, అది చేరే చోటైనా చూడాలనిపించింది. మూసీ అక్కడ చప్పుడు చేయకుండా కృష్ణలో కలుస్తోంది. ఆవలి ఒడ్డు పల్నాడు. చేపల పుట్టి ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఇంటిదారి పట్టింది. నలుగురం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మరునాడు ఆ అన్నతో కలిసి తల్లి దగ్గరకు వెళ్ళాను. చూచినదంతా చెప్పాను. తాటి మొద్దు సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. "అంటే నా కొడుకు తప్పు ఏం లేదు గదా?" అన్నది. లేదమ్మా అన్నాను. తొమ్మిదేళ్ళుగా ఆమె మనసులో ఆ భారం ఉన్నదని నాకు అప్పుడు గాని తెలియలేదు. కొంతసేపటికి, "గప్పుడే ఎందుకు చెప్పలేదు అయ్యగారూ?" అని అడిగింది. "నాకు తెలియదమ్మా" అన్నాను. తొమ్మిదేళ్ళ క్రితం చెప్పవలసిన మాట అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో ఇంచుమించు నాలుగోవంతు ఐదేళ్ళలోపు పిల్లలే. కనుక ప్రియులారా, మీ పిల్లలకు ఈత నేర్పించండి. దానితోపాటు నీటి స్వభావమూ నేర్పించండి. డ్రాపు క్రింద, చెక్‌డ్యాం క్రింద, తూముల దగ్గర దిగవద్దని చెప్పండి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకవద్దు. త్రాడు, చీర, గడకర్ర, ఖాళీ నూనె డబ్బా, ఏది దొరికితే అది అందించండి. పైకి తీసినవారిని తలక్రిందులుగా త్రిప్పి, కడుపు నొక్కి నీళ్ళు కక్కించాలని చూడవద్దు. ఊపిరి లేకపోతే నోటితో గాలి ఊదుతూ, రొమ్ము మధ్య నొక్కుతూ, ప్రక్కవారితో 108కు ఫోన్ చేయించండి.

మా ఊరి డ్రాపు దగ్గర ఇప్పుడు ఒక తుమ్మకొయ్య పాతి, దానికి పొడుగాటి త్రాడు, రెండు ఖాళీ డబ్బాలు కట్టి ఉంచాము. సండేస్కూలు పిల్లలను నెలకొకసారి అక్కడికి తీసుకొనిపోయి, ఒక మొద్దును నీటిలో వేసి చూపిస్తున్నాము. ఆ తల్లి మాతోపాటు వస్తుంది. మొద్దు గిరగిర తిరుగుతుంటే పిల్లలు మొదట నవ్వుతారు, తరువాత నిశ్శబ్దంగా చూస్తారు. నేను ఈత నేర్చుకుంటున్నాను. ఊరి చెరువులో, ఆరేడేళ్ళ పిల్లల మధ్య, సొరకాయ బుర్ర కట్టుకొని.